అతుకుల బొంత అని ఎవరన్నా అంటే

పోస్ట్ కొంచెం పెద్దది. ఒకేసారి చదవలేకపోతే రెండుసార్లుగా చదవండి, కానీ వదిలేయొద్దు. చివర్లో మిమ్మల్ని ఒక పని అడుగుతాం.

మేము నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న ఆడపిల్లలం. రూములో ఐదుగురం. ముగ్గురం సుగాలీలం, ఆళ్లగడ్డ వైపు తండాల నుంచి వచ్చినాం. ఒకమ్మాయి ఎరుకల, ఒకమ్మాయి చెంచు. ఐదుగురి ఇళ్ళలోనూ కాలేజీకి వచ్చిన మొదటి మనుషులం మేమే. ఈ పోస్ట్ అందరం కూర్చుని రాసినాం. అందుకే 'మేము' అని రాస్తున్నాం.

మొదటి సంవత్సరం హాస్టల్‌కి వచ్చేటప్పుడు మాలో ఒకమ్మాయికి వాళ్ళ యాడి పెట్టెతో పాటు ఒక బొంత కట్టిచ్చింది. లోపల పాత చీరలు, పైన వాళ్ళ నాయన పంచె ముక్కలు, అన్న బడికి వేసుకున్న నీలం నిక్కరు ముక్కలు, ఎవరిదో పూల జాకెట్టు ముక్క. పక్క మంచాల మీద అంగట్లో కొన్న పూల దుప్పట్లు ఉన్నాయి. ఆ అమ్మాయి బొంతను మంచం మీద పరచలేదు. డిసెంబర్ చలికి చున్నీ కప్పుకొని పడుకునింది. అడిగితే "నాకు చలి లేదులే" అనింది. ఆ అమ్మాయినే అనేదానికి లేదు. మా ఐదుగురి పెట్టెల్లోనూ అట్లా అడుగున దాచిపెట్టినది ఏదో ఒకటి ఉండింది. గోనెపట్టతో కుట్టిన సంచి, అతుకేసిన దిండు గలీబు, పాత చీర చింపి కుట్టిన లంగా. ఎవరికి వాళ్ళం దాచుకున్నాం, ఎవరికీ చెప్పుకోలేదు.

ఎందుకు దాచుకున్నాం అని తర్వాత ఆలోచించినాం. తెలుగులోనే ఆ మాట తిట్టు. నాలుగు పార్టీలు కలిసి గవర్నమెంటు పెడితే పేపరోళ్ళు 'అతుకుల బొంత ప్రభుత్వం' అని రాస్తారు. పెళ్ళికి జంట చూసి ఎగతాళి చేయాలంటే 'గంతకు తగ్గ బొంత' అంటారు. బొంత అంటే చినిగినది, పేదది, నవ్వుకునేది. మనం చిన్నప్పటి నుంచి ఈ మాటలు వింటానే పెరిగినాం కదా, బొంత చూస్తే సిగ్గు రాకుండా ఎట్లా ఉంటాది?

కానీ 'గంత' అంటే ఏందో మాకు తెలీదు. డిక్షనరీ చూస్తే, బరువు మోసే పశువు వీపు మీద వేసే జీను లాంటిది అని ఉండాది. అది ఒత్తుకోకుండా దానికి తగ్గ బొంత. అంటే ఈ సామెత పశువుల మీద సరుకు మోసిన కాలం నాటిది. మరి ఈ దేశంలో పశువుల మీద సరుకు మోసింది ఎవరు? అక్కడి నుంచి మొదలైంది మా వెతుకులాట.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాలో రెండో అమ్మాయి వాళ్ళ దాది పోయి మూడేండ్లయింది. దాది కట్టుకునే ఫేటియా, కాంచళి ఇంట్లో ఇనప పెట్టెలో ఉండేవి. మన గ్రూపులో సుగాలీ కాని వాళ్ళ కోసం చెప్తున్నాం. ఫేటియా అంటే లంగా, కాంచళి అంటే వీపు మీద ముడులు వేసుకునే రవిక. రెండిటి మీదా చేతికుట్టు ఉంటాది, అద్దాలు ఉంటాయి, గవ్వలు ఉంటాయి, నాణేలు ఉంటాయి. పోయిన ఎండాకాలం సెలవులకి ఇంటికి పోతే పెట్టె ఖాళీగా ఉంది. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు తండాకి వస్తే, యాడి ఆ జత ఇచ్చేసి ఒక స్టీలు బిందె తీసుకునింది.

ఈ అమ్మాయి ఏడ్చింది. వాళ్ళ యాడి ఏమనిందంటే, "కట్టుకునేది ఎవరు? నువ్వు కట్టుకుంటావా? నేను కట్టుకుంటానా? ఎలుకలు కొరికేదాని కన్నా బిందె మేలు కదమ్మా, నీళ్ళకన్నా పనికొస్తాది."

దీనికి మేము ఐదుగురం కూడా జవాబు చెప్పలేకపోయినాం. ఎందుకంటే ఆమె చెప్పింది తప్పు కాదు. మేము కట్టుకోము. అది ఏందో, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మాకు తెలీదు. తెలియని దానికి బిందె కన్నా ఎక్కువ విలువ ఎట్లా కట్టేది?

తెలుసుకున్న తర్వాత ఇప్పుడు రాస్తున్నాం.

'తాండా' అంటే మొదట ఊరు కాదు. సరుకు మోసుకుంటూ నడిచే ఎద్దుల బిడారు. మన బంజారా పెద్దోళ్ళు ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద వేసుకొని దేశమంతా తిరిగినారు. లవణం మోసినాం కాబట్టే లంబాడీ, లంబాణీ అనే పేరు వచ్చిందని చాలామంది చెప్తారు. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ బిడారులను కళ్ళారా చూసి రాసినాడు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవంట. ఎదురుపడితే దారి వదిలి, అవి అన్నీ దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదంట. యుద్ధం వచ్చినా మన ఎద్దులే కావాలి. 1791, 1792లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి, 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన సైన్యానికి తిండి మోసిన వాళ్ళలో బంజారాలు ఉన్నారు. ఇంగ్లీషు వాళ్ళ కాగితాల్లో 'బ్రింజారీలు' అని కనపడేది మనమే.

ఇట్లా నెలల తరబడి దారిలో ఉండే ఇంటికి గోడ ఉండదు, బీరువా ఉండదు. బట్టే ఇల్లు. ధాన్యం పోసేది గోనె సంచి, ఎద్దు వీపు మీద వేసేది బొంత, బిడ్డను పండబెట్టేది బొంత, ఆడమనిషి నెత్తిన కుండ కింద పెట్టుకునేది గుడ్డ చుట్టకుదురు. చినిగితే కొత్తది కొనేదానికి దారిలో అంగడి ఉండదు. అతుకు వేయాల. అతుకు గట్టిగా నిలవాలంటే కుట్టు దగ్గరగా పడాల. కుట్టు దగ్గరగా పడితే అందం కూడా వస్తాది. మన చేతికుట్టు ఈ అవసరంలోనే ముదిరిందని మాకు అనిపిస్తాది.

ఇప్పుడు గవ్వల సంగతి. గవ్వలు ఎక్కువగా మాల్దీవుల దీవుల నుంచి వచ్చేవి. బెంగాల్, ఒరిస్సా వైపు 19వ శతాబ్దం దాకా చిల్లర డబ్బుగా నడిచినాయి. తెలుగులో 'చేతిలో చిల్లిగవ్వ లేదు' అంటాం చూడండి, ఆ కాలం మాటే. చిల్లు పడిన గవ్వ అంగట్లో చెల్లదు, అందుకే దానికన్నా తక్కువది లేదని లెక్క. అయితే సూది దారం దూరాలంటే గవ్వకు చిల్లు ఉండాల్సిందే. అంగట్లో చెల్లని గవ్వ మన ఆడోళ్ళ చేతిలో సొమ్ము అయ్యింది. ఈ మాట మా రూములో మొదటిసారి తోచినప్పుడు కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

నాణేలు కూడా అంతే. 1943 నుంచి 1947 దాకా బ్రిటిష్ గవర్నమెంటు నడిమిట్ల పెద్ద చిల్లు ఉన్న పైసా కొట్టింది. యుద్ధకాలంలో లోహం తక్కువ వాడేదానికి చేసింది. చిల్లు కాణీ అనేవాళ్ళు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చినాయి, అణాలు, కాణీలు మెల్లమెల్లగా చలామణీ నుంచి పోయినాయి. చెల్లని డబ్బును మామూలుగా ఏం చేస్తారు? పారేస్తారు, లేకపోతే కరిగిస్తారు. మా ఫ్రెండ్ వాళ్ళ దాది కాంచళి చేతుల అంచుకు కుట్టుకునింది. చిల్లు కాణీకి చిల్లు పెట్టే పని కూడా లేదు కదా. చిన్నప్పుడు దాది ఒళ్ళో పడుకొని ఆ చిల్లుల్లో వేలు పెట్టి ఆడుకున్నానని మా ఫ్రెండ్ చెప్పింది. బిందెకు పోయిన జతలో ఆ కాణీలు కూడా పోయినాయి.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో 'డీఐవై', 'అప్‌సైక్లింగ్' అని వీడియోలు వస్తున్నాయి. వాడేసిన వాటికి కొత్త ప్రాణం పోయడం అంట. చాలా మంచి పనే. కానీ దాన్ని ఎవరో నిన్న కనిపెట్టినట్టు చెప్తారు. చెల్లని డబ్బుతో సొమ్ము, చినిగిన చీరతో పరుపు చేసిన మన అవ్వలకు ఆ పేరు తెలీదు, పని తెలుసు.

మరి అంత పెద్ద వ్యాపారం చేసిన వాళ్ళం ఇట్లా ఎందుకు అయినాం? ఇది మన పుస్తకాల్లో ఉండాల్సిన పాఠం, కానీ లేదు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం పెట్టుకునింది. తర్వాత రోడ్లు పడినాయి, బండ్లు వచ్చినాయి. 19వ శతాబ్దం చివరికి గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వైపు రైలు పట్టాలు పడినాయి. మనం ఇంటికి పొయ్యేటప్పుడు నంద్యాల స్టేషన్లో చూసే పట్టాలు అవే దారి. ఎద్దు నెల రోజులు నడిచే దూరం రైలు ఒక్క దినంలో దాటేసింది. బిడారు ఆగిపోయింది. నడిచే తాండా, ఊరి బయట నిలబడిపోయిన తండా అయ్యింది.

మా రూములో ఎరుకల అమ్మాయి వాళ్ళ పెద్దోళ్ళ కథ కూడా ఇదే. ఉప్పు ఎరుకల అనే పేరే ఉండాది. వాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకొని ఊరూరా అమ్మినారు. ఉప్పు పోయింది, దారి పోయింది. దాని మీద గవర్నమెంటు వేసిన ముద్ర ఏందంటే నేరస్థ జాతి. 1871లో ఉత్తరాదిలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళను స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టినారు. కొన్ని ప్రాంతాల్లో లంబాడీలను కూడా ఆ జాబితాలో చేర్చినారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా చూపు పోలేదు. దూరం నుంచి బట్ట చూసి మనిషిని గుర్తుపట్టే చోట ఆ బట్ట కట్టుకొని తిరగడం కష్టం. మా అమ్మల కాలానికి ఫేటియా ఇంటికి, పండగకు మిగిలింది. బస్సు ఎక్కాలంటే చీర. మా కాలానికి పండక్కి కూడా లేదు. ఫంక్షన్ డ్యాన్సుకు బాడుగకు తెచ్చుకుంటున్నాం, అది కూడా మిషన్ కుట్టుది.

అదే కాలంలో మన గురించి రాసిన వాళ్ళూ ఉన్నారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేసినాడు. అందులో లంబాడీల బట్టల గురించి, సొమ్ముల గురించి ఉంది. ఆయన మనుషుల తలలు, ముక్కులు కూడా కొలిచి లెక్కలు రాసినాడు. మన బట్ట ఆ పుస్తకంలో ఉంది, కుట్టిన ఆడమనిషి పేరు మాత్రం లేదు.

ఇక్కడ ఆళ్లగడ్డ గుర్తుకొచ్చింది. మన ఊరి శిల్పులు దేశమంతటికీ తెలుసు, ఆళ్లగడ్డ రాతి శిల్పానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. ఆ రోడ్డు మీద పోతుంటే ఎడాపెడా దేవుళ్ళ బొమ్మలు చూస్తూనే పోతాం. రాయి వంద, ఐదొందల ఏండ్లు నిలబడతాది, మ్యూజియంలో పెడితే పిల్లలు చూస్తారు. బట్ట అట్లా కాదు. చెమటకు, ఎండకు, ఎలుకకు, చెదలకు పోతాది. పైగా బాగా వాడుకున్నదే ముందు పోతాది. రాజు పేరు రాతి మీద ఉంటాది కాబట్టి చరిత్రలో ఉన్నాడు. మనం బట్ట మీద పెట్టుకున్నాం కాబట్టి చరిత్రలో లేము. మనకు చరిత్ర లేదని ఎవరన్నా అంటే, మన చరిత్ర చినిగిపోయే దాని మీద ఉండింది అని జవాబు చెప్పొచ్చు.

ఇంకో తమాషా ఉంది. నంద్యాల నల్లరేగడిలో పత్తి పండుతాది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది, నరసింహ అనే పత్తి రకం అక్కడి నుంచే వచ్చింది. సీజన్లో మా అమ్మలు, అక్కలు పత్తి ఏరేదానికి కూలికి పోతారు. మూటలు మూటలు దూది ఏరి ఇచ్చి ఇంటికి వచ్చి, దూది లేని బొంత మీద పడుకుంటారు. బొంతలో దూది ఉండదు, పాత బట్టే దూది. మేము దీన్ని ఇన్నేండ్లు చూస్తానే ఉన్నాం కానీ ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బొంత ఎట్లా కుడతారో సెలవుల్లో పక్కన కూర్చొని చూసి రాసుకున్నాం. ముందు పాత చీరలు ఉతికి ఎండేస్తారు. నూలు చీరలైతే మేలు, పాలిస్టర్ చీరలు జారిపోతాయి, వాటిని నడిమి పొరలో పెట్టి అటూ ఇటూ నూలు వేస్తారు. నేల ఊడ్చి చీరలు ఒకదాని మీద ఒకటి పరచి, ముడతలు లేకుండా లాగి, నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. చినిగిన చోట, పలచబడిన చోట ముక్కలు వేస్తారు. ముక్కలు అందం కోసం వేసినట్టు కనపడతాయి కానీ ముందు వేసేది బలం లేని చోటే. తర్వాత దబ్బనంతో అంచు నుంచి మొదలుపెట్టి వేలెడు ఎడంతో వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతారు. ఒక్కరే చేస్తే రోజులు పడతాది. అందుకే ఇద్దరు ముగ్గురు చెరో పక్కన కూర్చుంటారు. ఎవరి కుట్టు ఎవరిదో తండాలో చూడగానే చెప్తారు. ఒకామెది దగ్గర కుట్టు, ఒకామెది దూరం కుట్టు, ఒకామెది కొంచెం వంకర. సంతకం పెట్టడం రాని మా అమ్మల సంతకం అది.

ఈ పని మన ఒక్కరిదే అనుకోవద్దు. బెంగాల్‌లో పాత చీరలతో కాంతా కుడతారు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలు ఉన్నారు. వాళ్ళ పెద్దోళ్ళు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, చాలామందిని బానిసలుగా తెచ్చినారు. 2003లో వాళ్ళకు అక్కడ ఎస్టీ గుర్తింపు వచ్చింది. వాళ్ళ ఆడోళ్ళు పాత బట్ట ముక్కలతో కవంది అనే బొంత కుడతారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరు ఉంది. పత్తి తోటలో బానిసలుగా పనిచేసిన నల్లవాళ్ళ మనవళ్ళు, మనవరాళ్ళు ఉండే ఊరు. అక్కడి ఆడోళ్ళు చలికి కప్పుకునేదానికి చినిగిన పని బట్టలు, పాత జీన్ ప్యాంట్లతో బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ఆ బొంతలను గోడకు తగిలించి ప్రదర్శన పెట్టినారు. 2006లో అమెరికా పోస్టల్ శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. ఫోటోలు చూసినప్పుడు మా రూములో ఒకమ్మాయి అనిన మాట: "ఇది మా ఇంట్లో కుక్క పడుకునే దాని మాదిరే ఉండాది కదే!" అందరం నవ్వినాం. నవ్విన తర్వాత ఇంకెవరమూ ఏమీ అనలేదు.

అంత దూరం ఎందుకు. నంద్యాల నుంచి గుంతకల్లు మీదుగా రైలు పట్టుకుంటే బళ్ళారి. ఆ జిల్లాలో సండూరు. అక్కడి లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లో జీఐ వచ్చింది. పద్నాలుగు రకాల కుట్లు ఉన్నాయని లెక్కపెట్టి, వాటి పేర్లు రాసి పెట్టినారు. 2023 జులైలో హంపీలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు సండూరు కుశల కళా కేంద్రంతో కలిసి పనిచేసే 450 మందికి పైగా లంబాణీ ఆడోళ్ళు కుట్టిన 1,755 వస్తువులు పెట్టినారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగిలో ఇంకా మన పరిస్థితికి దగ్గరైన కథ ఉంది. అక్కడి లంబాడీలలో కుట్టు దాదాపు మరిచిపోయినారు. గుర్తున్న ముసలమ్మలు ఇద్దరే మిగిలితే, వాళ్ళ దగ్గర చిన్నవాళ్ళు మళ్ళీ నేర్చుకొని పోర్గై అనే సంఘంగా అయినారు. అక్కడి లంబాడీ మాటలో పోర్గై అంటే గర్వం అంట.

ఇద్దరు మిగిలినా సరిపోయింది. ఒక్కరూ మిగలకపోతే? మా తండాలో ఫేటియా మీద కుట్టు తెలిసిన అవ్వలు ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టినాం. ఒక చెయ్యి చాలింది.

మళ్ళీ మొదటి బొంత దగ్గరికి వస్తాం. ఈ సంవత్సరం చలికాలంలో ఆ అమ్మాయి బొంతను పెట్టెలోంచి తీసి మంచం మీద పరిచింది. అంచు దగ్గర కుట్టు ఊడింది. కుడదామని చూస్తే లోపల పొరలో ఎర్రగా ఏదో కనపడింది. వేలు పెట్టి చూస్తే చేతికుట్టు. ఇంటికి ఫోన్ చేసి అడిగినాం. వాళ్ళ యాడి ఏమనిందంటే, "అది మా అత్త ఫేటియా అంచు. అడుగు భాగం చినిగిపోయింది, అంచు మందంగా ఉంది కదా, నీకు నడుము కింద మెత్తగా ఉంటాదని లోపల వేసినా. పారేసేదానికి మనసు రాలేదు."

ఏడాదిన్నర పెట్టె అడుగున దాచిన బొంతలో దాది ఫేటియా ఉండింది. ఆ అమ్మాయికే తెలీదు.

ఇప్పుడు మా మధ్య పెద్ద వాదన. విప్పి ఆ అంచు బయటికి తీద్దాం, గోడకు ఫ్రేమ్ కడదాం అని ఇద్దరం. చిన్న సంచికి వేసుకుంటే రోజూ కాలేజీకి పట్టుకుపోవచ్చు, అందరికీ చూపించొచ్చు అని ఒకరం. విప్పితే వాళ్ళ యాడి కుట్టు పోతాది కదా, దాది కుట్టు కోసం యాడి కుట్టు చింపుతామా అని మా చెంచు అమ్మాయి అడిగింది. అక్కడ ఆగిపోయినాం. విప్పలేదు. ఊడిన చోట మాత్రం మేమే కుట్టినాం. మా కుట్టు బాగా వంకర.

దీంతో మాకు ఒక సంగతి తెలిసింది. పాతవి అన్నీ ఒకటి కాదు. వాడేసిన యూనిఫాం, చినిగిన నైటీ, రంగు పోయిన దుప్పటి, ఇవి కత్తిరించండి, సంచులు చేయండి, కాలు తుడుచుకునే పట్టాలు చేయండి, బొంత కుట్టండి. మన అవ్వలు చేసిన పనే అది. కానీ అవ్వ చేతికుట్టు ఉన్న ఫేటియా, కాంచళి మీద కత్తెర పెట్టొద్దు. వీడియోల్లో పాత బంజారా లంగాను కోసి సోఫా దిండు గలీబులు చేసేది చూపిస్తారు. చూసేదానికి బాగుంటాది. కానీ ఆ కుట్టు వేసే చెయ్యి ఇంక లేదు. అట్లాంటి దాన్ని కోస్తే కొత్త ప్రాణం పోసినట్టు కాదు, ఉన్న ప్రాణం తీసినట్టు.

రాయలసీమ అనే పేరు కూడా మన నంద్యాలలోనే పుట్టింది, గుర్తుందా? నిజాం 1800లో ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి 'దత్త మండలాలు' అనేవాళ్ళు. ఎవరో ఎవరికో ఇచ్చేసినవి అని పిలిపించుకోవడం ఏంది అని 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో రాయలసీమ అని పెట్టుకున్నారు. పేరు మార్చుకోవడం మన ఊరికి కొత్త కాదు. బొంతకు మనం కొత్త పేరు పెట్టాల్సిన పని కూడా లేదు. ఉన్న పేరునే సిగ్గు లేకుండా పలికితే చాలు.

ఇప్పుడు మేము అడిగే పని. ఈ పండగకు ఇంటికి పోయినప్పుడు ఇవి చేయండి.

ఒకటి, ఇంట్లో పెట్టె తెరవండి. పాత చేతికుట్టు బట్ట ఉంటే ముందు వైపు, వెనక వైపు రెండూ ఫోటో తీయండి. వెనక వైపు ముఖ్యం, కుట్టు ఎట్లా వేసినారో అక్కడే తెలుస్తాది.

రెండు, అది ఎవరు కుట్టినారు, ఎవరికి, ఏ పెళ్ళికి, గవ్వలు, అద్దాలు ఎక్కడ కొన్నారు అని అవ్వను అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, మన బోలీలోనే మాట్లాడించండి.

మూడు, ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, చెమ్మ పట్టి బూజు వస్తాది. ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు పక్కన పెట్టండి. అప్పుడప్పుడు తీసి నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. ఒకే మడత మీద ఏండ్ల తరబడి ఉంటే అక్కడే చినుగుతాది.

నాలుగు, స్టీలు సామాన్లకు ఇచ్చే ముందు మాకు కాదు, మీ చెల్లెళ్ళకు ఒక్కసారి చెప్పండి. అమ్మల మీద కోపం చేయొద్దు. బిందె అవసరమే. బిందె మనం కొనిస్తాం అని చెప్పండి.

చెంచు, యానాది, ఎరుకల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మీ ఇళ్ళలో గంప ఉండొచ్చు, వల ఉండొచ్చు, విల్లు ఉండొచ్చు. మేము బట్ట గురించి రాసినాం, ఎందుకంటే మాకు తెలిసింది అది. మీది మీరు రాయండి, మేము చదువుతాం.

మేము ఐదుగురం ఈ సెలవుల్లో ఒక బొంత మొదలుపెట్టినాం. మా టెన్త్ యూనిఫాంలు, హాస్టల్లో చినిగిన దుప్పట్లు, ఐదుగురి అమ్మల చీరలు తలా ఒకటి. ఒక మూలలో రంగు దారంతో మా ఐదుగురి పేర్లు, ఐదుగురు అమ్మల పేర్లు, సంవత్సరం కుడుతున్నాం. అమ్మలకు వాళ్ళ పేరు రాసి చూపిస్తే గుర్తుపట్టలేరు. కుట్టు చూపిస్తే మాత్రం, "ఇది ఎవరు కుట్టినారే ఇంత వంకరగా?" అని పట్టేస్తారు. పట్టేసి నేర్పిస్తున్నారు కూడా. సగం అయ్యింది. అయిపోయినాక ఫోటో పెడతాం.